డెట్రాయిట్ ల్యాండ్ బ్యాంక్ ఇల్లు కొనొచ్చా?

ప్రశ్న: మేము మిషిగన్‌లో, నోవైలో ఉంటున్నాం. డెట్రాయిట్‌లో సిటీ తరఫున ల్యాండ్ బ్యాంక్ వాళ్లు ఖాళీ ఇళ్లను వెయ్యి డాలర్ల నుంచి వేలం వేస్తున్నారని మా మరిది ఎక్కడో చూశాడు. అప్పటి నుంచి తను, మావారు రోజూ అదే మాట. ఇద్దరూ కలిసి ఎల్‌ఎల్‌సీ అనే చిన్న కంపెనీ పెట్టి, ఒక ఇల్లు కొని, బాగు చేయించి, అద్దెకిద్దామని వాళ్ల ఆలోచన. ఇంతలో ఒకాయన తగిలాడు. ల్యాండ్ బ్యాంక్ వేలంలో తను కొన్న ఇంటిని 18 వేలకు క్విట్‌క్లెయిమ్ డీడ్ మీద రాసిస్తానని, వేలంలో పోటీ పడే బాధ ఉండదని అంటున్నాడు. త్వరగా అడ్వాన్స్ ఇమ్మంటున్నాడు. మా అత్తగారేమో "పన్ను కట్టలేక ఎవరో ఏడుస్తూ వదిలి వెళ్లిన ఇల్లు, వాళ్ల ఉసురు మనకెందుకమ్మా" అంటున్నారు. అసలు సిటీ ఇంత చవగ్గా ఎందుకు అమ్ముతుంది? ఇందులో మోసం ఏమైనా ఉందా? కొనొచ్చా, వద్దా? నాకు టెన్షన్‌గా ఉంది.

సమాధానం: అమ్మా, అన్నిటికంటే ముందు ఆ 18 వేల సంగతి చెబుతాను. అడ్వాన్స్ ఇవ్వకండి. ఆయన మోసగాడని అనడం లేదు, ఆయనెవరో నాకు తెలియదు. కానీ ఆయన అమ్ముతానంటున్న ఇల్లు ఇంకా పూర్తిగా ఆయనది కాకపోవచ్చు.

డెట్రాయిట్ ల్యాండ్ బ్యాంక్ ఇల్లు అమ్మేటప్పుడు కొన్నవాళ్ల చేత ఒక ఒప్పందం మీద సంతకం పెట్టించుకుంటుంది. మామూలుగా ఆరు నెలల్లో ఇంటిని మనుషులు ఉండేలా బాగు చేయాలి. అందులో ఎవరో ఒకరు కాపురం ఉండాలి. ఈలోగా పని ఎంతవరకు వచ్చిందో ఫొటోలు, బిల్లులు పంపుతూ ఉండాలి. పని నిజంగా సాగుతోందని కనిపిస్తే గడువు పెంచుతారు. ఏమీ చేయకుండా వదిలేస్తే ఇంటిని వెనక్కి తీసుకునే హక్కు వాళ్లకు ఉంటుంది. ఇంకొకరికి అమ్మేసినంత మాత్రాన ఆ హక్కు పోదు, ఇంటితో పాటే వస్తుంది. పని పూర్తయిందని ల్యాండ్ బ్యాంక్ ఒప్పుకుని, తన హక్కు వదులుకుంటున్నట్టు రాసిచ్చి, ఆ కాగితం డెట్రాయిట్ ఉన్న వేన్ కౌంటీ రిజిస్టర్ ఆఫ్ డీడ్స్ ఆఫీసులో నమోదైతేనే ఆ ఇల్లు పూర్తిగా కొన్నవాళ్లదవుతుంది.

ఆయన దగ్గర ఆ కాగితం ఉందా అని అడగండి. ఉందంటే కాపీ తీసుకుని, అది నిజంగా నమోదైందో లేదో కౌంటీ రికార్డులో మీరే చూసుకోండి. లేదంటే మాత్రం మీరు 18 వేలు పెట్టి కొనేది ఆయన నెత్తిన ఉన్న గడువునే. ఆరు నెలల్లో ఆయన నాలుగు నెలలు ఏమీ చేయకుండా గడిపి ఉంటే మీకు మిగిలేది రెండు నెలలు. అదీ ల్యాండ్ బ్యాంక్‌కు చెప్పకుండా జరిగిన అమ్మకాన్ని వాళ్లు ఒప్పుకుంటే.

క్విట్‌క్లెయిమ్ డీడ్ గురించి కూడా ఒక మాట. "ఈ ఇంటి మీద నాకు ఏదైనా హక్కు ఉంటే అది నీకు ఇచ్చేస్తున్నాను" అని రాసివ్వడమే ఆ డీడ్. హక్కు ఉందని అందులో ఎవరూ హామీ ఇవ్వరు. పూర్తి హక్కు ఉన్నవాడూ, ఏ హక్కూ లేనివాడూ అదే కాగితం రాసివ్వగలరు. ల్యాండ్ బ్యాంక్ ఇచ్చేదీ క్విట్‌క్లెయిమ్ డీడే కాబట్టి ఆ పేరు వినగానే బెదిరిపోనక్కర్లేదు. కాకపోతే ఎవరు రాసిస్తున్నారన్నదే అక్కడ ముఖ్యం. తమవి కాని ఖాళీ ఇళ్లకు దొంగ డీడ్‌లు పుట్టించి అమ్మేసినవాళ్లు, అద్దెకిచ్చినవాళ్లు డెట్రాయిట్‌లో చాలామందే ఉన్నారు. నాకు తెలిసిన ఒక కుటుంబం ఇలాగే మధ్యవర్తి దగ్గర ఇల్లు కొని, పైకప్పు మార్పించాక గానీ అసలు సంగతి తెలుసుకోలేదు. ఇల్లూ దక్కలేదు, పైకప్పుకు పెట్టిన డబ్బూ రాలేదు. ఎవరి దగ్గర కొన్నా సరే, డబ్బు చేతులు మారకముందే, ఇంటి మీద అసలు హక్కు ఎవరిదో పరిశీలించి దానికి బీమా ఇచ్చే టైటిల్ కంపెనీని ఒకదాన్ని కలిసి "ఈ ఇంటికి టైటిల్ ఇన్సూరెన్స్ ఇస్తారా" అని అడగండి. వాళ్లు ఇవ్వమంటే ఆ ఒక్క జవాబు మీకు చాలు.

ఇక సిటీ ఎందుకు చవగ్గా అమ్ముతుందన్న మీ ప్రశ్న. దీనికి కొంచెం వెనక్కి వెళ్లాలి.

1950లో డెట్రాయిట్ జనాభా దాదాపు 18.5 లక్షలు. 2020 జనాభా లెక్కల్లో 6.39 లక్షలు. ఇళ్లు మాత్రం 18 లక్షల మందికి కట్టినవి. మనుషులు వెళ్లిపోయారు, ఇళ్లు ఉండిపోయాయి. ఆ పైన 2008 సమయంలో ఇంటి అప్పుల సంక్షోభం వచ్చింది. 2013 జులైలో నగరమే దివాలా పిటిషన్ వేసింది. అమెరికాలో ఒక నగరం తీసిన దివాలాల్లో అంత పెద్దది లేదు.

మన వాళ్లు ఫోర్‌క్లోజర్, అంటే బాకీ కింద ఇల్లు తీసేసుకోవడం, అనగానే బ్యాంక్ అప్పు గురించి అనుకుంటారు. సిటీ చేతికి వచ్చిన ఇళ్లలో ఎక్కువ భాగం అలా వచ్చినవి కావు, ఆస్తి పన్ను బకాయిల వల్ల వచ్చినవి. మిషిగన్‌లో 1999లో ఒక చట్టం చేశారు. దాని ప్రకారం పన్ను కట్టకపోతే మరుసటి మార్చిలో ఆ బకాయి కౌంటీ ట్రెజరర్ చేతికి వెళ్తుంది. నెలకు ఒక శాతం చొప్పున వడ్డీ పడుతుంది. ఇంకో ఏడాది గడిచాక వడ్డీ నెలకు ఒకటిన్నర శాతమవుతుంది. ఆ తర్వాతి ఏడాది మార్చి 31 దాటితే ఇల్లు పోయినట్టే. కౌంటీ దాన్ని వేలంలో పెడుతుంది. సెప్టెంబర్ వేలంలో కనీస ధర పన్ను బకాయి అంత. అప్పుడు అమ్ముడుపోనివి అక్టోబర్‌లో మళ్లీ వేలానికి వస్తాయి. చాలా ఏళ్ల పాటు ఆ అక్టోబర్ వేలం 500 డాలర్ల దగ్గర మొదలయ్యేది. అప్పటికీ ఎవరూ కొననివి చివరికి సిటీకీ, ల్యాండ్ బ్యాంక్‌కీ చేరతాయి.

అక్టోబర్ వేలంలో కొన్నవాళ్లకు షరతులేవీ ఉండేవి కావు. ఎక్కడో కూర్చుని, ఇల్లు కంటితో చూడకుండానే, పదులకొద్దీ కొన్నవాళ్లున్నారు. బాగు చేయించలేదు, పన్ను కట్టలేదు. వీలైతే ఉన్నదున్నట్టే ఎవరో పేదవాళ్లకు అద్దెకిచ్చి రెండు మూడేళ్లు డబ్బు పిండుకున్నారు. మూడేళ్లు తిరిగేసరికి అదే ఇల్లు పన్ను బకాయితో మళ్లీ అదే వేలానికి వచ్చేది, ఈసారి ఇంకొంచెం పాడైపోయి. ఇది నాకు చాలా బాధ కలిగించే సంగతి. ఒక వీధిలో నాలుగిళ్లు ఇలా తిరిగితే ఐదో ఇంటివాళ్లు ఎంత శ్రద్ధగా ఉన్నా వాళ్ల ఇంటికీ విలువ ఉండదు.

ఈ పాఠం తర్వాతే ల్యాండ్ బ్యాంక్‌లకు ప్రాధాన్యం వచ్చింది. ఆలోచన పాతదే. అమెరికాలో మొదటిది 1971లో సెయింట్ లూయిస్‌లో మొదలైంది. మిషిగన్ 2003లో ప్రత్యేకంగా చట్టం చేసింది. ఫ్లింట్ ఉన్న జెనిసీ కౌంటీ దాన్ని బాగా వాడుకుని అందరికీ దారి చూపింది. డెట్రాయిట్ ల్యాండ్ బ్యాంక్ 2008లో పుట్టినా, జోరుగా అమ్మడం మొదలైంది 2014లో. ఒక దశలో దాని చేతిలో లక్షకు దగ్గరగా ఆస్తులుండేవి. పేరులో బ్యాంక్ అని ఉన్నా అది అప్పులిచ్చే బ్యాంక్ కాదు. ఎవరికీ అక్కర్లేని ఆస్తులను తీసుకుని, కోర్టు ద్వారా టైటిల్ చిక్కులు విప్పించి, మళ్లీ ఎవరో ఒకరి చేతిలో పెట్టే ప్రభుత్వ సంస్థ.

ఖాళీ ఇల్లు సిటీకి రోజూ ఖర్చే. గడ్డి కోయించాలి, కిటికీలకు చెక్కలు కొట్టించాలి, మంటలంటుకుంటే ఫైరింజన్ పంపాలి, చివరికి కూల్చాల్సి వస్తే దానికి వేలల్లో పోయాలి. పన్ను మాత్రం ఒక్క డాలరు రాదు. కూల్చడానికి, నిలబెట్టడానికి కలిపి 25 కోట్ల డాలర్ల బాండ్‌లకు డెట్రాయిట్ ఓటర్లు 2020 నవంబర్‌లో ఒప్పుకున్నారంటే ఆ భారం ఎంతటిదో ఆలోచించండి. అందుకే ల్యాండ్ బ్యాంక్‌కు ఇంటి ధర కంటే ఆ ఇంట్లో దీపం వెలగడం ముఖ్యం. మీరిచ్చే వెయ్యి, ఐదు వేలు దాని దృష్టిలో చిన్న మొత్తం. ఆరు నెలల్లో మీరు పెట్టే పని, ఆ తర్వాత ఏటేటా కట్టే పన్ను, ఇవే అసలు ధర. మీవారికి, మీ మరిదికి ఈ ఒక్క సంగతి అర్థమైతే మిగతాదంతా వాళ్లే లెక్కేసుకుంటారు.

వేరే నగరాలూ ఇదే దారిలో నడుస్తున్నాయి. క్లీవ్‌ల్యాండ్ ఉన్న కయహోగా కౌంటీలో అయితే పని పూర్తయ్యేదాకా డీడ్ చేతికే ఇవ్వని పద్ధతి ఉంది. ముందు బాగు చేయి, తర్వాతే నీ పేరు మీద రాస్తాం అంటారు. బాల్టిమోర్ 2024లో కొన్ని ఖాళీ ఇళ్లను ఒక్క డాలరుకే ఇస్తామంది, కానీ బాగు చేయించడానికి 90 వేల డాలర్లు తమ దగ్గర ఉన్నాయని కొనేవాళ్లు చూపించాలంది. ఒక డాలరు పక్కన 90 వేలు పెట్టి చూడండి, ఈ అమ్మకాల అసలు రూపం కనిపిస్తుంది.

మీ అత్తగారి మాటకు వస్తాను. దాన్ని మూఢనమ్మకమని కొట్టిపారేయకండి. ఆవిడ అడిగినది న్యాయమైన ప్రశ్న.

మిషిగన్ రాజ్యాంగం ప్రకారం, పన్ను వేయడానికి ఇంటికి కట్టే విలువ, అంటే పన్ను విలువ, మార్కెట్ విలువలో సగం దాటకూడదు. 2008 తర్వాత డెట్రాయిట్‌లో ఇళ్ల ధరలు కుప్పకూలాయి. కానీ సిటీ రికార్డుల్లో విలువలు ఆ మేరకు తగ్గలేదు. 2010 నుంచి 2016 వరకు ఇంటి యజమానుల మీద కనీసం 60 కోట్ల డాలర్ల పన్ను ఎక్కువగా వేశారని డెట్రాయిట్ న్యూస్ పత్రిక 2020లో లెక్క తేల్చింది. అంటే ఇళ్లు పోగొట్టుకున్నవాళ్లలో చాలామంది కట్టలేకపోయిన పన్ను, అసలు అంత వేయకూడని పన్ను. పైగా ఆదాయం తక్కువున్నవాళ్లకు పన్ను మినహాయింపు ఉంది. దానికి దరఖాస్తు పెట్టుకోవచ్చని తెలియకే చాలామంది కట్టలేక ఇల్లు వదులుకున్నారు. నగరమంతా ఇళ్ల విలువలు కొత్తగా కట్టింది 2017లో. అప్పటికే పోయిన ఇళ్లు పోయాయి.

మీరుండే ఓక్‌ల్యాండ్ కౌంటీలోనే ఒక కేసు జరిగింది. ఒకాయన సౌత్‌ఫీల్డ్‌లో ఉన్న తన ఇంటికి పన్ను 8 డాలర్ల 41 సెంట్లు తక్కువ కట్టాడు. వడ్డీ, ఫీజులు కలిపి అది 285 డాలర్లు దాటింది. కౌంటీ ఆ ఇంటిని 24,500 డాలర్లకు అమ్మి, డబ్బంతా తనే ఉంచుకుంది. అది తప్పని, బకాయి పోను మిగిలింది యజమానిదేనని మిషిగన్ సుప్రీంకోర్టు 2020 జులైలో చెప్పింది. 2023 మేలో అమెరికా సుప్రీంకోర్టు కూడా అదే మాట ఏకగ్రీవంగా అంది. ఆ కేసు మినియాపోలిస్‌కు చెందిన 94 ఏళ్ల పెద్దావిడది. పన్ను, జరిమానాలు కలిపి 15 వేల బాకీకి ఆమె కాండో (అపార్ట్‌మెంట్ ఇల్లు) అమ్మి, వచ్చిన 40 వేలూ కౌంటీయే తీసేసుకుంది. ఇప్పుడు మిషిగన్‌లో ఇల్లు పోగొట్టుకున్నవాళ్లు మిగులు డబ్బు అడగడానికి దారి ఉంది, అయితే జులై 1 లోగా నోటీసు ఇస్తేనే. ఎవరైనా ఆ స్థితిలో ఉన్నారని మీకు తెలిస్తే ఈ తేదీ తప్పకుండా చెప్పండి.

కాబట్టి మీ అత్తగారు చెప్పిన ఏడుపు ఊహ కాదు. నిజంగా జరిగింది. కానీ నా అభిప్రాయం ఇది. ఏళ్ల తరబడి ఖాళీగా పడి ఉన్న ఇంటిని మీరు కొనకపోతే పాత యజమానికి ఒరిగేదేమీ లేదు, వీధికీ మేలు లేదు. అందులో మళ్లీ ఒక కుటుంబం ఉంటే పక్కింటివాళ్లకు ఊపిరి పీల్చుకున్నట్టుంటుంది. ఉసురు తగలడమంటూ ఉంటే అది కొని వదిలేసినవాళ్లకు, బాగు చేయకుండా అద్దెలు గుంజినవాళ్లకు తగలాలి. ఒక్క విషయంలో మాత్రం గట్టిగా ఉండండి. మీరు చూసే ఇంట్లో ఎవరైనా ఉంటుంటే దాని జోలికి వెళ్లొద్దు. ఖాళీ అని కాగితంలో ఉన్నా, లోపల పాత యజమానో, వాళ్ల పిల్లలో, మోసపోయి అద్దె కడుతున్నవాళ్లో ఉండొచ్చు. అలాంటివాళ్ల కోసం ల్యాండ్ బ్యాంక్ బై బ్యాక్ అనే పథకం పెట్టింది. వెయ్యి డాలర్లకు వాళ్లు ఉంటున్న ఇంటిని వాళ్లే కొనుక్కోవచ్చు. ఏడాది పాటు నీటి బిల్లులు సరిగా కడుతూ, పన్ను కోసం డబ్బు కూడబెడితే డీడ్ చేతికిస్తారు. మీకు అలాంటివాళ్లు ఎదురైతే ఆ సంగతి చెప్పి వెనక్కి వచ్చేయండి.

ఇప్పుడు డబ్బు లెక్క. ఇక్కడ నేను కొంచెం నిలబడి చెప్పాలి, ఎందుకంటే మన వాళ్లు దెబ్బ తినేది ఇక్కడే.

ల్యాండ్ బ్యాంక్ వేలం ఆన్‌లైన్‌లో జరుగుతుంది, వెయ్యి డాలర్ల దగ్గర మొదలవుతుంది. మంచి వీధిలో, గోడలు గట్టిగా ఉన్న ఇంటికి పాట అక్కడ ఆగదు. వేలానికి పెట్టిన ఇళ్లకు ఓపెన్ హౌస్ ఉంటుంది, లోపలికి వెళ్లి చూడొచ్చు. ఓన్ ఇట్ నౌ అనే ఇంకో పద్ధతి ఉంది. అందులో ఇళ్లు ఉన్నదున్నట్టుగా అమ్ముతారు, మీరు ఎంతిస్తారో రాసి పంపాలి. ఆ ఇళ్లు ఇంకా పాడై ఉంటాయి. మీలాంటి మొదటిసారి కొనేవాళ్లకు అది వద్దు. ల్యాండ్ బ్యాంకే బాగు చేయించి అమ్మే ఇళ్లూ కొన్ని ఉన్నాయి. వాటికి ధర మామూలు ఇళ్లలాగే ఉంటుంది, కానీ తలనొప్పి చాలా తక్కువ.

ఖాళీగా పడి ఉన్న ఇంట్లో రాగి పైపులు, కరెంటు వైర్లు, ఫర్నేస్, వాటర్ హీటర్ దొంగలు పట్టుకుపోయి ఉంటారనే అనుకుని లెక్క వేయండి. ఒక్క చలికాలం హీటింగ్ లేకుండా గడిస్తే మిగిలిన పైపులు కూడా గడ్డకట్టి పగిలిపోతాయి. పైకప్పు కారుతుంటే ఆ నీళ్లు బేస్‌మెంట్ దాకా దిగి ఉంటాయి. చాలావరకు 1978కి ముందు కట్టినవి గనుక గోడల రంగులో సీసం ఉండే అవకాశం ఎక్కువ, పాత పైపుల చుట్టూ ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు. వీటికి మామూలు పెయింటర్‌ను పిలిస్తే సరిపోదు. ఇలాంటి ఇంటికి బ్యాంకులు మామూలు మార్ట్‌గేజ్ ఇవ్వవు, అంతా చేతి డబ్బే కావాలి. మామూలు హోమ్ ఇన్సూరెన్స్ ఖాళీ ఇంటికి వర్తించదు. ఖాళీ ఇళ్లకని, పని జరుగుతున్న ఇళ్లకని విడిగా పాలసీలుంటాయి, ధరా ఎక్కువే. డీడ్ చేతికొచ్చిన రోజు నుంచే అది ఉండాలి.

పన్ను గురించి ఒక పొరపాటు అందరూ చేస్తారు. ఇల్లు వెయ్యికి కొన్నాం కదా, పన్ను కూడా ఆ వెయ్యి మీదే వేస్తారనుకుంటారు. పన్ను కోసం ఇంటి విలువ కట్టే అధికారి, అంటే అసెసర్, మీరు కొన్న ధర ఒక్కటే చూడడు, ఆ ఇంటికి మార్కెట్‌లో ఎంత విలువుందో చూస్తాడు. డెట్రాయిట్‌లో సొంత కాపురం ఉండేవాళ్లకు పన్ను విలువలో ప్రతి వెయ్యికి 67 డాలర్ల దరిదాపుల్లో పడుతుంది. అద్దె ఇళ్లకు 85 దరిదాపుల్లో. బాగు చేశాక ఇంటి విలువ 80 వేలు అనుకుందాం. పన్ను విలువ అందులో సగం, 40 వేలు. మీరే ఉంటే ఏడాదికి దాదాపు 2,680 డాలర్లు. అద్దెకిస్తే దాదాపు 3,400.

ఎల్‌ఎల్‌సీ అనగానే ఇంకో చిక్కు. మిషిగన్‌లో తాము కాపురం ఉండబోయే ఇంటికైతే యజమానే పర్మిట్ తీసుకుని కరెంటు, ప్లంబింగ్ పని స్వయంగా చేసుకోవచ్చు. అద్దె ఇంటికి, ఎల్‌ఎల్‌సీ పేరున ఉన్న ఇంటికి అది కుదరదు, ఆ పనులకు లైసెన్స్ ఉన్నవాడే రావాలి. మీ మరిది చేతి పని తెలిసినవాడైనా ఆ మేరకు మిగిలేదేమీ ఉండదు. అద్దెకివ్వాలంటే సిటీలో రిజిస్టర్ చేయించాలి, ఇన్‌స్పెక్షన్ చేయించాలి, సీసం పరీక్ష ఉంటుంది, అవన్నీ అయ్యాక సర్టిఫికెట్ తీసుకోవాలి. అది లేకుండా అద్దెకిస్తే జరిమానా టికెట్లు వస్తాయి. అలాంటి కట్టని టికెట్లో, పన్ను బకాయిలో పేరు మీద ఉన్నవాళ్లకు ల్యాండ్ బ్యాంక్ మళ్లీ ఇల్లు అమ్మదు.

కాంట్రాక్టర్‌కు ముందే సగం డబ్బు ఇచ్చేయకండి. రాష్ట్రం వెబ్‌సైట్‌లో లైసెన్స్ చూసి, పని ఎంత అయితే అంతకే కట్టండి. డబ్బు ఇచ్చిన ప్రతిసారీ కాంట్రాక్టర్ నుంచి, అతని కింద పనిచేసినవాళ్ల నుంచి, సామాను ఇచ్చిన దుకాణం నుంచి లీన్ వేవర్, అంటే తమ బాకీ కోసం ఇంటి మీద హక్కు (లీన్) అడగబోమని రాసిచ్చే కాగితం, తీసుకోవాలి. లేకపోతే మీరు కాంట్రాక్టర్‌కు పూర్తిగా కట్టేసినా, అతను కట్టని ప్లంబర్ వచ్చి మీ ఇంటి మీద లీన్ వేయగలడు.

ఇన్నీ చెప్పాక మీ ప్రశ్నకు సూటిగా జవాబు. నోవైలో ఉండి, ఇద్దరూ ఉద్యోగాలు చేసుకుంటూ, అద్దె కోసమని ఎల్‌ఎల్‌సీ పేరున అయితే కొనొద్దు. నోవై నుంచి రోజూ వెళ్లి పని చూసుకోలేరు. శని, ఆదివారాలు మాత్రమే కనిపించే యజమాని ఇంట్లో పని నడవదు, సోమవారం నుంచి శుక్రవారం దాకా ఆ ఇల్లు మళ్లీ ఖాళీ ఇల్లే. ఆరు నెలలు అలా గడిస్తే డబ్బూ పోతుంది, అన్నదమ్ముల మధ్య మాట కూడా చెడుతుంది. అద్దె ఆదాయమే కావాలనుకుంటే, ఇప్పటికే బాగు చేసి, టైటిల్ ఇన్సూరెన్స్ వచ్చే, సిటీ సర్టిఫికెట్ ఉన్న ఇల్లు కొనుక్కోవడం మేలు. ఎక్కువ డబ్బు పెట్టినా నిద్ర పడుతుంది.

అదే మీ మరిది తనే అక్కడికి మారి, ఆ ఇంట్లో ఉండాలనుకుంటే నా జవాబు వేరు. బాగు చేయడానికి తను అనుకున్న దానికి ఇంకో మూడో వంతు కలిపి చేతిలో ఉంటే, ఏప్రిల్‌లోనో మేలోనో డీడ్ తీసుకుని చలికాలం రాకముందే పైకప్పు, హీటింగ్ పూర్తి చేసుకోగలిగితే, అప్పుడు ఇది మంచి అవకాశమే. అలా వచ్చి స్థిరపడి వీధిని మళ్లీ నిలబెట్టిన కుటుంబాలున్నాయి. వాళ్లను చూస్తే నాకు గౌరవం.

తను ఆ దారిలో ఉంటే, పాట పాడకముందు ఒక పని చేయమనండి. ఇల్లు చూడడానికి ఓపెన్ హౌస్ రోజు ఒకసారి, మామూలు రోజు సాయంత్రం ఇంకోసారి వెళ్లాలి. రెండోసారి మీ అత్తగారిని కూడా తీసుకెళ్లండి. పక్కింటి తలుపు తట్టి, కొనాలనుకుంటున్నామని చెప్పి మాట్లాడండి. ఆ ఇంట్లో ఎవరుండేవారు, ఎప్పుడు వెళ్లిపోయారు, వానాకాలం బేస్‌మెంట్‌లోకి నీళ్లు వచ్చేవా, ఈ మధ్య ఎవరైనా వచ్చిపోతున్నారా, ఇవన్నీ వాళ్లకు తెలిసినంతగా ఏ ఇన్‌స్పెక్టర్‌కూ తెలియదు. ఇంటి పక్కన ఖాళీ స్థలం ఉంటే అదెవరిదో అడగండి. ఇప్పుడు ల్యాండ్ బ్యాంక్ దగ్గర మిగిలిన వాటిలో చాలా ఎక్కువ భాగం ఇలాంటి ఖాళీ స్థలాలే. ఆ పక్కింటివాళ్లే ఏళ్ల తరబడి తమది కాని ఆ స్థలంలో గడ్డి కోస్తూ, చెత్త ఏరుతూ ఉంటారు. తమ ఇంటికి ఆనుకుని ఉన్న అలాంటి స్థలాన్ని ఇంటి యజమానులకు 100 డాలర్లకే ల్యాండ్ బ్యాంక్ అమ్ముతుంది. వాళ్లకు ఆ సంగతి తెలియకపోతే కూర్చుని వివరంగా చెప్పి రండి. మీరు ఇల్లు కొన్నా, కొనకపోయినా సరే.